సలికి రంగేమిటి

మా మెడికల్ కాలేజీ లాగ్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. ‘రోగితో రోగి భాషలో మాట్లాడి వివరాలు రాబట్టగలరు’ అని రాసి, ఎదురుగా సంతకానికి ఒక గడి. మూడో ఏడాదిలో ఒక మధ్యాహ్నం బ్యాచ్ మొత్తం పుస్తకాలు తెచ్చి బల్ల మీద దొంతర పెట్టాం. సార్ ఫోన్లో మాట్లాడుతూనే అన్నిటికీ సంతకం గిలికేశారు. ఏ రోగితో మాట్లాడావని నన్నెవరూ అడగలేదు. హమ్మయ్య, ఒక పని వదిలింది అనుకున్నాను.

చివరి ఏడాది మెడిసిన్ ప్రాక్టికల్స్ ఒకసారి తప్పాను. నాతో చేరినవాళ్ళంతా హౌస్ సర్జన్లయి మా ఆసుపత్రి వార్డుల్లోనే తిరుగుతున్నారు. ఈసారీ తప్పితే జూనియర్ల పక్కన కూర్చోవాలి. ఆ వారమంతా పుస్తకం మూయలేదు. పెరంబూరు స్టేషన్లో రైలు కోసం నిలబడి కూడా పాఠాలు వల్లె వేసేదాన్ని.

పరీక్షనాడు నాకు పడిన కేసు నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ. తమిళం ఒక్క ముక్క రాదట. నాకు ప్రాణం లేచొచ్చింది. తాతముత్తాతల నుంచి మద్రాసులోనే ఉన్నా మా ఇంట్లో తెలుగే కదా!

“ఏం చేస్తా ఉండాది అవ్వా?”

“జొరం తల్లీ. పది దినాలయింది. ఒకటే సలి.”

నాకు తెలిసిన మాటే. నేను రెండుసార్లు తుమ్మితే చాలు, మా నాయనమ్మ “సళి పట్టిందే నీకు, మిరియాల చారు తాగు” అంటుంది. అది తమిళం మాటని నాకెప్పుడూ తట్టలేదు. మా ఇంట్లో కఫమంటే సళే.

“గట్టిగా వస్తా ఉండాదా?”

“గట్టిగానే వస్తాది. సాయంత్రమైతే తట్టుకోలేను తల్లీ.”

కఫంతో దగ్గు అని రాసేశాను. ఏ రంగో అడగాలి. గడియారం చూస్తే టైము అయిపోతోంది. అడగకుండానే పసుపు అని రాశాను. స్టెత్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాయి. అయినా కుడివైపు గరగర ఉందని రాశాను. ఇన్నేళ్ళూ నేర్చుకున్న చదువు అదే మరి, గడి నిండితే చాలు!

ఎగ్జామినర్ నా కాగితం చదివారు.

“పసుపు రంగా? నువ్వు చూశావా?”

“చూశాను సార్.”

ఆయన ఒక చిన్న డబ్బా అందించి, అందులో ఉమ్మించమన్నారు. నేను ఆవిడకు చెప్పాను.

“ఉమ్మేదెందుకు? నాకు దగ్గే లేదే! సలి తల్లీ, సలి. మూడు దుప్పట్లు కప్పినా ఒళ్ళు కొట్టుకుంటాది.” రెండు చేతులూ గుండెలకు హత్తుకుని వణికి చూపించింది.

చలి! ఆవిడ చెప్పింది తెలుగు. నేను విన్నది తమిళం. ఏడాది పొడవునా ఫ్యాను ఆపని ఊళ్ళో పుట్టినదాన్ని, ఆ మాట మా ఇంట్లో ఎప్పుడు విన్నాను గనక!

“ఏమంటోంది?” అన్నారు ఎగ్జామినర్. అక్కడ తెలుగు తెలిసింది మా ఇద్దరికే. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఆవిడ జ్వరం గుర్తులేదు. పాసవడమొక్కటే గుర్తుంది.

“ఇప్పుడు రావడం లేదంటోంది సార్.”

ఆయన కోప్పడలేదు. ఆవిడ కేస్‌షీటు తెరిచి మొదటి వరుస మీద వేలు పెట్టారు. చేర్చిననాడు వెంట వచ్చినవాళ్ళు చెప్పగా రాసింది: చలితో జ్వరం, దగ్గు లేదు. ఆ పక్కనే నా లాగ్‌బుక్ తెరిచి, ఆ సంతకం ఉన్న పేజీ చూసి మూసేశారు.

“ఆరు నెలల తర్వాత రామ్మా,” అన్నారు.

ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. నేను స్టెత్ చుట్టుకుంటుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

“ఈడ నా మాట తెలిసినదానివి నువ్వొక్కదానివే. నేను చెప్పింది ఆయనకు సరిగ్గా చెప్పినావా తల్లీ?”

“చెప్పినా అవ్వా,” అన్నాను.