కొత్త బాడీ కట్టని షెడ్డు

మా బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. పాత కారుకి కొత్త బాడీ కట్టమని ఎవరైనా అడిగితే, ఇంట్లో పెద్దవాళ్ల తల తీసి వేరే తల పెట్టమన్నట్టు మండిపడతాడు. ఇంజిను మార్చమనండి, మారుస్తాడు. చక్రాలు మార్చమనండి, ఈలవేసుకుంటూ మారుస్తాడు. పైనున్న తుప్పు రేకులనీ, వాటి లోపల పుచ్చిపోయిన చెక్క చట్రాన్నీ మొత్తంగా తీసేయమంటే మాత్రం "అది ఒరిజినల్!" అని అడ్డం పడుకుంటాడు. వీధంతా ఆయన్ని ఒరిజినల్ బాబాయి అంటుంది. వాళ్లకేం, నవ్వుకోవచ్చు. ఆ షెడ్డునే నమ్ముకుని రేకులు సాగగొడుతున్నవాణ్ణి నేను.

ఒకసారి ఒక డాక్టరు తలుపు మీద సొట్ట తీయమన్నాడు.

"అది ఎవరు పెట్టిన సొట్టో తెలుసా?" అన్నాడు బాబాయి.

"తెలీదు."

"తెలీకుండా ఎలా తీసేస్తామండీ? వయసులో మీకంటే పెద్దది."

"నేను నా పేషెంట్లకి కూడా ఇంత మర్యాద ఇవ్వనయ్యా" అని డాక్టరు కారెక్కి వెళ్లిపోయాడు. నేరుగా ఎదుటి షెడ్డులోకే వెళ్లాడు. అక్కడివాడు ఎంత పాత కారు తెచ్చినా పైకప్పు కోసి, రెండు సీట్ల షోకు బండి చేసి ఇస్తాడు. వాడి గుమ్మం ముందు కార్లు బారులు తీరేవి. మా గుమ్మం ముందు పిల్లులు పడుకునేవి.

ఇంట్లోనూ ఇదే గోల. కుర్చీ కాలు విరిగితే కొత్తది కొందామంది పిన్ని.

"ఒరిజినల్ కుర్చీ అది" అన్నాడు బాబాయి.

"పెళ్లయిన దగ్గర్నుంచి నేనూ ఒరిజినలే కదా, నన్నెప్పుడైనా ఇంత అపురూపంగా చూశారా?"

బాబాయి కుర్చీకి ఇంకో మేకు కొట్టాడు.

షెడ్డులో మాతోపాటు ఉండే మూడో మనిషి వడ్రంగి మామయ్య, పిన్నికి అన్నగారు. పాత చట్రంలోంచి పుచ్చిన ముక్కని విప్పి ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో అటూ ఇటూ తడిమి, అచ్చం అలాంటి ముక్కే కొత్త చెక్కలో చెక్కేవాడు. అందులో ఆయనకి తిరుగులేదు. కాకపోతే ఆ పని కావలసినవాళ్లే ఊళ్లో కరువయ్యారు.

చివరికి ఒక కాంట్రాక్టరు పొడుగాటి పాత కారు తెచ్చాడు. పాత బాడీ తీసేసి టాపు లేని కొత్త బాడీ కట్టాలన్నాడు. ఈ పని కూడా పోతే షెడ్డు మూసుకోవాల్సిందే.

"బాబాయ్, నీకు దండం పెడతా. ఈ ఒక్కసారి నోరు మెదపకు" అన్నాను.

బాబాయి బుద్ధిగా తలూపాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో కాంట్రాక్టరు, కొత్త బాడీ బొమ్మ గీసిన పెద్ద కాగితం తీసి మామయ్య చేతికిచ్చాడు. మామయ్య దాన్ని చాపి పట్టుకుని, తల పంకించి, "భేషుగ్గా ఉంది. కొలతలన్నీ వివరంగా ఉన్నాయి" అన్నాడు.

ఆయన పట్టుకున్న తీరులో బొమ్మలోని చక్రాలు పైకి ఉన్నాయి.

కాంట్రాక్టరు నోరు తెరిచేలోపే బాబాయి ఎగిరి వచ్చి కాగితం లాక్కుని ఉండ చుట్టేశాడు. "ఒరిజినల్ కారుకి కొత్త బాడీయా? నా షెడ్డులోకి ఇలాంటి కాయితాలు తెస్తారా?"

"నీకు పిచ్చి ముదిరిందయ్యా!" అని కాంట్రాక్టరు తన కారుని ఎదుటివాడి దగ్గరికి తోయించుకుపోయాడు.

నేను బాబాయిని పెరట్లోకి లాక్కెళ్లాను.

"మామయ్యకి కళ్లు కనిపించవా?"

"మెల్లగా అఘోరించు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. పాత ముక్క చేతిలో ఉంటే వేళ్లతో చూసేస్తాడు. కొత్త బాడీకి పాత ముక్క ఎక్కణ్ణుంచి తేను? ఎవరికీ అనుమానం రాకుండా సొట్టలకీ కుర్చీలకీ కూడా అడ్డం పడుతున్నాను."

"ఇంకో వడ్రంగిని పెట్టుకోవచ్చుగా?"

"మరి ఈయన ఇంట్లో కూర్చుని ఏం తడుముకోవాలి, గోడలా?"

"కనీసం నాకైనా చెప్పొచ్చుగా!"

"చెబితే ఆయన్ని చూసి జాలిపడతావు. దానికంటే నన్ను తిట్టుకోవడమే నయం."

నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇన్నాళ్లూ హాయిగా తిట్టుకున్న మనిషిని ఇక మీదట తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. మూసుకోకుండా ఉండాలని షెడ్డు సగం ఎదుటివాడికే అద్దెకిచ్చాం. వాడి తళతళలాడే బళ్లు ఆ సగంలో, మా తుప్పు బళ్లు ఈ సగంలో.

మొన్న బాబాయి లేనప్పుడు ఒక లాయరు వచ్చి, తన పాత కారుకి కొత్త బాడీ కడతారా అని అడిగాడు. మామయ్య మూల కూర్చుని చిత్రిక పడుతున్నాడు.

"ఒరిజినల్ బాడీ మీద చెయ్యి వేయడం మా ఇంటా వంటా లేదండీ!" అని గట్టిగా అరిచాను. లాయరు నన్ను ఎగాదిగా చూసి ఎదుటి షెడ్డుకి పోయాడు.

మామయ్య చిత్రిక పక్కన పెట్టి నిట్టూర్చాడు. "మీ బాబాయి పిచ్చి నీకూ అంటుకుందిరా. మీ ఇద్దరి మూలంగా నా పనితనం మట్టిగొట్టుకుపోతోంది. లేకపోతేనా, అలాంటి బాడీ చిటికెలో కట్టి పారేసేవాణ్ణి!"

"అంతా మా పాపమే మామయ్యా" అని ఇంకో పుచ్చిన ముక్క విప్పి ఆయన ఒళ్లో పెట్టాను.