అక్క అడిగిన నంబరు

మా ఆయన్ని ఆఫీసులో నాలుగంకెలాయన అనేవాళ్ళు. బయటి దేశాల నుంచి ఓడలో దిగిన ఇంటి కరెంటు సామాను ఏదైనా సరే, దానికి సుంకం పుస్తకంలో ఒక నాలుగంకెల నంబరుంటుంది. ఎంత సుంకం కట్టాలో ఆ నంబరును బట్టే తేలుతుంది. ఆ నంబరు తేల్చే గుమాస్తా ఈయన. ఫ్యానుకి ఎనభై నాలుగు పద్నాలుగు, మిక్సీకి ఎనభై అయిదు సున్నా తొమ్మిది, ఇస్త్రీపెట్టెకీ నీళ్ళు కాచే హీటరుకీ ఎనభై అయిదు పదహారు. పెళ్ళైన కొత్తలో ఇవన్నీ నాకు అప్పజెప్పేవారు. కొత్త పెళ్ళాంతో మాట్లాడాల్సిన మాటలేనా ఇవి? "మరి నాకే నంబరండీ?" అని ఒకసారి ఎగతాళిగా అడిగాను. ఆ మహానుభావుడు నిజంగానే ఆలోచించి, "ఒక వస్తువు నాలుగు పనులు చేస్తే, అందులో అసలు పని ఏదో ముందు తేలాలి. నీ విషయంలో అది తేలలేదు" అన్నారు. రెండు రోజులు ఆయన కాఫీలో పంచదార వెయ్యలేదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. వస్తువు బల్ల మీదికి రావాల్సిందే. డబ్బా మీద బొమ్మ చూసి చెప్పండి సార్ అని ఎంత పెద్ద వ్యాపారి బతిమాలినా, స్క్రూడ్రైవరు తీసి విప్పేదాకా నోరు విప్పేవారు కాదు. ఆ అలవాటు వాళ్ళక్క పెట్టింది. ఆవిడ ఈయన కంటే పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. రిపేరు షాపులో మోటార్లకి తీగ చుట్టి, ఆ కూలితో చదివించింది. "విప్పి చూడకుండా మాట్లాడకురా" అని ఆవిడ నెత్తి మీద మొట్టి మరీ చెప్పేదట. అక్క మాటంటే ఈయనకి వేదం. నాకేమో ఒళ్ళు మంట. దాచడమెందుకు, ఉన్నమాటే చెబుతున్నాను.

తర్వాత వదిన సొంతంగా షాపు పెట్టుకుంది. ముగ్గురు ఆడవాళ్ళకి పని నేర్పి, వాళ్ళతోనే నడిపేది. చిన్నచిన్న సామాను బయటి దేశాల నుంచి తెప్పించుకోవడానికి అనుమతి కూడా సంపాదించింది. అదెంత కష్టపడితే వచ్చిందో, ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టుకుంది. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయింది కాబట్టి ఆవిడ ఈయనకి అక్క అన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. తింటూ తింటూ ఎడంచేత్తో ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. గదిలో గాలి మరీ పొడిబారితే తేమ పట్టించే యంత్రమట. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులు అడుగుతున్నారట. "దీనికి నంబరేంట్రా?" అంది. మా ఆయన నోట్లో ముద్ద పెట్టుకుంటూనే తొంగి చూశారు. బొమ్మలో కుండ మూత తీసినట్టు తెల్లగా పొగలు పైకి లేస్తున్నాయి. "ఎనభై అయిదు పదహారు" అనేసి, ఇంకొంచెం వడ్డించమని నాకు సైగ చేశారు. వదిన చెయ్యి కడుక్కొచ్చి, పెన్నుతో అరచేతిలో రాసుకుంది.

ఎనభై అయిదు పదహారంటే వేడి చేసే సామాను. ఆ యంత్రం వేడి చెయ్యదు. నీళ్ళ అడుగున చిన్న పళ్ళెం లాంటిది వణుకుతుంది, ఆ వణుకుడికి నీళ్ళు తుంపరగా లేస్తాయి, చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. ఆ సంగతి వదినకి బాగా తెలుసు. ఒకటి తెప్పించుకుని విప్పి చూసింది కూడా. ఆ నంబరంటే వేడి అని మాత్రం ఆవిడకి తెలియదు. నంబరు తెలిసినాయన యంత్రాన్ని చూడలేదు. "ఇది వేడి చేస్తుందా అక్కా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఊళ్ళోవాళ్ళందరినీ గుచ్చి గుచ్చి అడిగే మనిషి సొంత అక్కని అడగలేదు. ఆవిడ కూడా, వాడు చెప్పాక మళ్ళీ అడగడమేమిటి అనుకుంది. ఎంత నమ్మకమో చూడండి వాళ్ళిద్దరికీ.

సరుకు దిగింది. ఈయన పక్క సెక్షను వాళ్ళు డబ్బాలు విప్పి పట్టేసుకున్నారు. ఆ ఏడు వేడి సామానుకి సుంకం తక్కువ. తక్కువ కట్టాలని కావాలనే తప్పు నంబరు రాసిందని కేసు పెట్టి, విచారణకి రమ్మని కాగితం పంపించారు. వదిన ఆ కాగితం తీసుకుని మా ఇంటికొచ్చింది. మా ఆయన చదివి ముఖం చిన్నబుచ్చుకుని, "నేనే లేచి చెప్తానక్కా, నంబరు చెప్పింది నేనని. అప్పుడిది పొరపాటని తేలిపోతుంది. తేడా కట్టి సరుకు తెచ్చుకుందువు. నీ అనుమతికేం కాదు" అన్నారు. వదిన ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని హాయిగా నిద్రపోయింది. గురక కూడా పెట్టింది.

నిద్ర పట్టనిది నాకు. గుమాస్తా చుట్టాలకి చాటుగా నంబరు చెప్పాడని తెలిస్తే ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. మేముండేది ఆఫీసువాళ్ళిచ్చిన ఇల్లు. విచారణ రోజు పొద్దున చొక్కా చేతికిస్తూ, "మీరు నోరు విప్పితే నా మీద ఒట్టే" అన్నాను. "అక్కకి మాటిచ్చానే" అన్నారు. "నాకివ్వలేదా? వీధిలో నిలబెడతానని చెప్పే చేసుకున్నారా నన్ను?" అన్నాను. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు. నేనే విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టాను.

వదినకి తోడుగా నేనూ వెళ్ళాను. ఇరుకు గది, పొడుగు బల్ల, గోడ వారగా ఫైళ్ళు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దాఫీసరు మధ్యలో కూర్చున్నాడు, నన్నెరగడు. పక్కన సుంకం పుస్తకం పట్టుకుని మా ఆయన. ఆ నంబరు కింద ఏం రాసుందో చదవమంటే, "వేడి చేసే ఇంటి సామాను" అని చదివారు.

"నలభై ఏళ్ళ బట్టీ యంత్రాలు బాగుచేస్తున్నావు. ఇది వేడి చెయ్యదని నీకు తెలియదా?" అన్నాడు ఆఫీసరు.

"తెలుసండి" అంది వదిన. అబద్ధమాడటం ఆవిడకెప్పుడూ చేతకాలేదు.

"మరి ఈ నంబరెవరు చెప్పారు?"

ఆవిడ మా ఆయన వైపు చూసింది. ఆయన పుస్తకం అంచు గోటితో గీకుతున్నారు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు. మళ్ళీ చూసింది. ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. అవును, ఊపాను.

"చూడమ్మా, పేరు చెబితే ఇది పొరపాటు. చెప్పకపోతే కావాలని చేసినట్టే. ఆఖరుసారి అడుగుతున్నా. ఎవరు చెప్పారు?"

మా ఆయన పుస్తకంలోకి తల దించేసుకున్నారు.

"ఎవరూ లేరండి. నేనే రాసుకున్నాను" అంది వదిన.

అనుమతి రద్దయింది. సరుకు జప్తు చేశారు. మోసగత్తె అని పేరు పడ్డాక ఎవరు సరుకిస్తారు, ఆర్నెల్లలో షాపు మూసేసింది. అరవై దాటిన మనిషి, ఎవరి షాపులోనో కూలికి తీగ చుట్టడానికి కుదిరింది. మా ఇంటికి మళ్ళీ రాలేదు. ఈయన వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ అనలేదు. ఏ ముఖం పెట్టుకుని అంటాను?

మూడేళ్ళకి రిటైరయ్యారు. ఆఫీసులో దండ వేసి, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క నంబరు తప్పు చెప్పని మనిషని అందరూ పొగిడారు. ఇంటికొచ్చి దండ తియ్యకుండానే కుర్చీలో కూలబడ్డారు. అన్నేళ్ళుగా లోపల అణచుకున్న ఏడుపంతా నా ఎదటే చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు వదిన పనిచేసే షాపుకి వెళ్ళాను. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది, చేతిలో విప్పిన ఫ్యాను. "వదినా, తప్పంతా నాది. నేనే ఒట్టు పెట్టి నోరు కట్టేశాను. ఆయన్నేమీ అనుకోకండి" అన్నాను.

"ఒట్టు పెడితే నోరు పడిపోతుందా అమ్మాయ్?" అంది, చేతిలో పని ఆపకుండా. "వాడు చెప్తాడనే చూశాను. మూడోసారి అడిగినప్పుడు తల దించుకున్నాడు చూడు, అప్పుడనిపించింది, ఆ ఉద్యోగం పోతే వీడెలా బతుకుతాడు, నాకైతే చేతిలో పనుంది కదా అని. అందుకే నేనే అనేశాను."

"ఒక్కసారి రమ్మనండి వదినా. మీరంటే పరుగెత్తుకొస్తారు."

"వద్దు." తీగ తెంపి పక్కన పెట్టింది. "వస్తే ఏడుస్తాడు. వాడేడిస్తే నేను కరిగిపోతాను. పెంచిన చేతులమ్మా ఇవి, వీటికి సిగ్గుండదు. నాకు కరగాలని లేదు. ఇంత జరిగాక నాకు మిగిలింది ఈ కోపమొక్కటే. దీన్నయినా నాకుండనీ." నన్ను కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నారు. ఎక్కడికెళ్ళానో నేను చెప్పలేదు. ఎలా కనిపెట్టారో.

"రమ్మందా?" అన్నారు.

అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు. ఆ వేళ మాత్రం నోరు రాలేదు. "లేదండీ" అన్నాను.

ఆయన చెప్పులు విప్పి, వంగి రెండూ ఒక పక్కకి జరిపి, లోపలికి వెళ్ళిపోయారు.