ఎనభయ్యో ఏట లైసెన్స్: స్కార్‌బరో నుంచి సార్నియాకి

"మీ బాబాయి మూడు రోజులుగా గడియారాలు గీస్తున్నారు, ఒకసారి వచ్చిపోరా" అని పిన్ని ఫోన్ చేసింది. తప్పు నాదే. ఇక్కడ, టొరంటో వైపు, ఎనభై ఏళ్లకి లైసెన్స్ రెన్యూ కావాలంటే కంటి పరీక్ష అయ్యాక ఓ క్లాసులో కూర్చుని, మతి సరిగ్గా ఉందని చూపడానికి గడియారం బొమ్మ గీయాలి. ముల్లు కాస్త వంకరపోయినా కారు లాక్కుంటారని నేనే ఆయన్ని ఆటపట్టించాను. నమ్మేశాడు. వాళ్ల ఇల్లు సార్నియా బయట మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. బస్సు రాదు. పాలకైనా, బీపీ మాత్రలకైనా ఇరవై నిమిషాలు కారు నడపాల్సిందే.

మన పిల్లలు సార్నియా కాలేజీకి గుంపులుగా వస్తున్న రోజులవి. శని, ఆదివారాలు టొరంటోలో పని చేసుకుని, క్లాసుల రోజు నలుగురు కలిసి కారులో వెళ్తారు. సీటుకి నలభై డాలర్లు. మంగళవారం పొద్దున ఆరింటికి, టొరంటోలో నేనుండే స్కార్‌బరోలో అలాంటి కారే ఎక్కాను. లండన్ దాకా 401 హైవే, అక్కణ్ణించి 402. లండనంటే సీమలోది కాదు, ఇక్కడి ఊరే. నడిపే సింధుది ఖమ్మం.

"సార్నియాలో ఏం పని అంకుల్?"

"మా బాబాయికి లైసెన్స్ పరీక్షుందమ్మా. గడియారం గీయాలి. ఫెయిలైతే కారు లాక్కుంటారు."

"ఆయనదే నయం. మేం ఫెయిలైతే మళ్లీ ఫీజు కట్టాలి."

పదింటికి చేరేసరికి డైనింగ్ టేబుల్ నిండా గడియారాలే. రిఫైనరీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి, స్కేలు పెట్టి గీశాడు. ఒకదాంట్లో ఇరవై నాలుగు అంకెలున్నాయి.

"ప్లాంటులో టైము అట్లాగే రాసేవాళ్లంరా."

"ఇది చూస్తే లైసెన్స్ ఇవ్వరు బాబాయ్, నైట్ షిఫ్ట్ వేస్తారు."

పిన్ని నవ్వుతూ పెసరట్టు వడ్డించింది. ఆయన నవ్వలేదు.

స్కార్‌బరోలో మా పక్క ఫ్లాటు రావుగారికి ఎనభై మూడు. మోకాళ్లు అరిగిపోయాయి, లిఫ్ట్ ఆగితే ఇంట్లోనే బందీ. కానీ బస్సు గుమ్మం ముందే ఆగుతుంది, డాక్టరు రెండు స్టాపుల దూరం. లైసెన్స్ ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తు లేదు. బాబాయి ఇప్పటికీ వాకిట్లో మంచు తనే ఎత్తిపోస్తాడు. అయినా ఆయన రోజు గడవడం ఆ లైసెన్స్ కార్డు మీదే ఆధారపడి ఉంది.

ఒంటిగంటకి ముగ్గురం పరీక్ష సెంటరుకి వెళ్లాం, బాబాయే నడిపాడు. ముందు కంటి పరీక్ష. యంత్రంలోకి చూసి పై వరస చదివాడు, రెండోదాని దగ్గర ఆగిపోయాడు. అద్దం మసగ్గా ఉందన్నాడు. అక్కడి ఆవిడ ఓపిగ్గా తుడిచింది. మళ్లీ అక్కడే ఆగాడు. ఆవిడ ఓ ఫారం చేతికిచ్చి, కళ్ల డాక్టరు అది నింపి ఇచ్చేదాకా నడపకూడదని చెప్పింది. గడియారం దాకా పోనేలేదు.

పార్కింగులో పిన్ని అడిగింది. "వేసవిలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారుగా. ఏమన్నాడు?"

"శుక్లాలన్నాడు. లండన్ వెళ్లి ఆపరేషన్ చేయించుకోమన్నాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్తే తాళాలు తీసుకుంటావుగా."

లండన్ గంట దూరం. కారు నడపాలంటే ఆపరేషన్ కావాలి, ఆపరేషన్‌కి వెళ్లాలంటే కారు కావాలి. నేను నడుపుతానని చెయ్యి చాపాను. పిన్నికి డెబ్బై నాలుగు. గుర్తింపు కార్డుగా పనికొస్తుందని లైసెన్స్ రెన్యూ చేయించుకుంటూ వచ్చింది గానీ, స్టీరింగ్ పట్టి పదేళ్లయింది.

"ఇవాళ నువ్వు నడుపుతావు, రేపు వెళ్లిపోతావు. ఎల్లుండి ఎవర్రా?" అని పిన్ని ఆయన జేబులోంచి తాళాలు తనే తీసుకుంది.

ఇంటికి ఇరవై నిమిషాల దారి నలభై పట్టింది. పక్క సీట్లో బాబాయి, అక్కడ లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

"లారీ వస్తోంది, లారీ."

"మీకు కనపడిందా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

పల్లె మంచిదా, పట్నం మంచిదా అంటే నాకు తెలీదు. మంచు ఎత్తే మనిషి ఇంట్లో చిక్కుకున్నాడు, మెట్లు దిగలేని మనిషి ఊరంతా తిరుగుతున్నాడు. ముసలితనంలో ఒంట్లో ఓపిక ఎంతుందన్నదానికన్నా, డాక్టరు ఎంత దూరం, తీసుకెళ్లేదెవరు అన్నదే పెద్ద ప్రశ్నలా ఉంది. మీ పెద్దవాళ్లకి ఎనభై నిండడానికి ఆర్నెల్ల ముందే కళ్లు చూపించండి, డాక్టరు చెప్పేటప్పుడు పక్కనే ఉండండి. ఇంట్లో రెండో లైసెన్స్ ఊరికే పడి ఉంటే, అది ఉన్నవాళ్లచేత ఖాళీ పార్కింగులో నాలుగు ఆదివారాలు కారు నడిపించండి. పక్క సీట్లో మాత్రం మొగుణ్ణి కూర్చోబెట్టకండి.