జీడినూనె ఆరని బల్ల

మొన్న వెల్ల వేయించడానికి సామానంతా వీధరుగు మీదికి చేర్చినప్పుడు, చావడిలోని పనసచెక్క బల్లను తిరగేసి చూశాం. గోడవారనున్న బియ్యప్పెట్టె అడుగంతా చెదలు తినేశాయి గాని, ఇన్నేళ్ళుగా దాని పక్కనే ఉన్న బల్లకు సూదిమొనంత రంధ్రం కూడా లేదు. అమ్మ తడిగుడ్డతో తుడిచి మళ్ళీ నిలబెట్టింది. మా ఇంట్లో ఆ బల్లను ఎవరూ మెచ్చుకోరు.

చెదలంటే మా మామ్మకు, అంటే నాన్నను కన్నతల్లికి, పాముకంటే ఎక్కువ భయం. ఏటా ఎండలు ముదిరినప్పుడు జీడిపిక్కల నుంచి తీసిన నూనెలో కిరసనాయిలు కలిపి, కొబ్బరిపీచుతో మంచాలకూ బల్లలకూ పట్టించేది. నల్లగా, ఘాటుగా ఉండే ఆ నూనె ఆరిందంటే కలప ఇనుమే. ఆరకముందు ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలు. ఆ వారమంతా పిల్లలం గుళ్ళో ఉన్నట్టు చేతులు కట్టుకుని తిరిగేవాళ్ళం. మా అత్తకు సంబంధాలు చూస్తున్న ఏడు వేసవిలో మామ్మ జ్వరపడడంతో ఆ పని వానాకాలంలోకి జారింది. ఇంతలో అత్తను చూసుకోవడానికి మగపెళ్ళివారు వచ్చే వారం మాడుగుల నుంచి వస్తారని కబురొచ్చింది. ఇల్లు నిగనిగలాడాలని మామ్మ కుర్చీలకూ బల్లకూ అన్నిటికీ ఒక్కరోజే నూనె పట్టించేసింది. మర్నాడే ముసురు పట్టింది.

అత్త నాన్నకు ఆఖరి చెల్లెలు. నాకు పుస్తకాల రుచి చూపించింది ఆవిడే. పెళ్ళికొడుకు బడిలో మాస్టారనీ, జీతం రాగానే పుస్తకాలు కొంటాడనీ విన్నప్పటినుంచి, "ఏటి పుస్తకాలు కొంటాడంటావే?" అని రోజూ నన్నడిగేది. పదకొండేళ్ళదాన్ని, నాకేం తెలుసు?

దారిలోని వాగులూ గెడ్డలూ పొంగితే బస్సులు ఆగిపోతాయేమోనని వాళ్ళు ఆ వారంలోనే దిగిపోయారు. నాన్న పొరుగింటికి పరుగెత్తి రెండు మడతకుర్చీలు తెచ్చాడు. వాటిలో పెళ్ళికొడుకూ అతని తల్లీ కూర్చున్నారు. వాళ్ళింట్లో మాటంతా పెళ్ళికొడుకు పెదనాన్నగారిదట. మామ్మ చాప పరిచేలోపే ఆయన బల్లను చూసి ముచ్చటపడ్డారు. ముక్కుపొడి అలవాటున్న మనిషి, వాసన పట్టలేదు.

"పనసచెక్కేటి? ఇలాటివి ఇప్పుడెక్కడున్నాయి బాబూ!" అంటూ నిండుగా కూర్చున్నారు.

నాన్న మామ్మ వైపు చూశాడు. మామ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ నా వైపు చూసింది. లెమ్మంటే అవమానం, ఊరుకుంటే బొబ్బలు. గుమ్మం పక్కన నిలబడి, "అక్కడ వద్దండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన నవ్వి, "గుంటకి సిగ్గెక్కువలాగుంది. రామ్మా, నా పక్కన కూకో" అని బల్ల మీద అరచేత్తో తట్టారు. ఇక అరచేతికీ బొబ్బలే. తలుపు వెనకనుంచి అత్త నా జడ లాగి, "జేబులో పుస్తకం ఉందే, సూసేవా?" అని గుసగుసలాడింది. ఆవిడ చూపంతా పెళ్ళికొడుకు చొక్కా జేబు మీదే ఉంది.

కాఫీలయ్యాయి. పెదనాన్నగారు లేవబోతే పంచె బల్లను వదలనంది. పర్రుమన్న చప్పుడుకు అందరూ అటు తిరిగారు. వెనకంతా నల్లటి మరక. నాన్న తడబడుతూ సంగతి చెప్పాడు. మామ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది.

"ఇప్పుడా సెప్పడం?" అన్నారాయన. గిన్నె వైపు చూడనైనా లేదు.

తరవాత కబురే వచ్చింది. ఆయన బోర్లా పడుకునే ఉన్నారట. "సుట్టాన్ని కూసోబెట్టడం తెలీనోళ్ళింటి పిల్ల మాకొద్దు" అన్నారట. నాన్న గెడ్డ దాటి వెళ్ళి బతిమాలి, వెళ్ళినట్టే తిరిగొచ్చాడు. బల్లను నరికి పొయ్యిలో పెట్టమంది మామ్మ. అత్తే అడ్డుపడింది. "దాందేటమ్మా తప్పు?"

అత్త ఇప్పుడు విశాఖపట్నంలో ఉంది. మావయ్య మంచివాడు, పుస్తకాల జోలికి పోడు. వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ బల్ల మీదే కూర్చుని, నేనేం చదువుతున్నానో అడుగుతుంది. నేను డైరీ రాసుకునేదీ దానిమీదే. ఆ నూనె ఆరడానికి నాలుగు ఎండలు చాలేవి. తరవాత పదేళ్ళ ఎండలు వచ్చాయి, కావలసిన ఆ నాలుగూ తప్ప.