వ్రతం నాటి వంట

హిందూపురం బజారులో బట్టల కొట్టు వాళ్ల కోడలు పూర్ణిమ తెల్లారకముందే బూట్లు వేసుకుని నడకకు బయలుదేరుతుంది. గడ్డం కింద మొలిచే వెంట్రుకలను అద్దం ముందు పళ్లు బిగించి పీక్కుంటుంది. నెలసరి సరిగా రాకపోవడానికి కారణం పీసీఓఎస్ అని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి మాత్ర మరవదు, అన్నం మాని కొర్రలు తింటుంది. ఎవరేమన్నా నవ్వుతుంది గానీ ఏదీ మరిచిపోదు. ఏ పూజ వచ్చినా అత్త విశాలాక్షి మడివంటంతా ఆమె మీద వేసి, చుట్టాల ముందే అనేది: "దానికి నెలనెలా వచ్చే బాధ యాడుండాది? ఎప్పుడంటే అప్పుడు వండుతాది."

పూజ రోజుల్లో తప్ప ఆ ఇంట్లో ముట్టు పట్టింపు లేదు. అందుకే కొన్ని నెలలుగా తనకు తప్పకుండా వస్తున్న సంగతి పూర్ణిమ దాచగలిగింది. వరలక్ష్మీ వ్రతానికి అత్త చుట్టాలందరినీ భోజనాలకు పిలిచింది, వంటమనిషిని మాత్రం పిలవలేదు. పొద్దున్నే చూస్తే కోడలు వరండాలో చాప మీద కూర్చుని ఉంది.

"ఇంగా స్టవ్ ముట్టియ్యలేదేమే?"

"బయట చేరినానత్తా."

విశాలాక్షి కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. పూర్ణిమ తీరిగ్గా కాళ్లు చాపుకుంది.

"పూర్ణం అడుగంటకుండా చూసుకోండత్తా. నెలనెలా వచ్చే బాధ మీకు లేదు గదా!"