వంటామె కట్టిన నూలుపోగు

యుద్ధం రోజుల్లో బెజవాడలో నేను కాంపౌండరుగా పనిచేసిన వృద్ధుల శరణాలయంలో మనుషుల్ని తూచే యంత్రం లేదు. మా వంటామె ఉండేది. మంగళగిరి మగ్గాల ఇంట్లో తెగిన పోగులు ముడేస్తూ పెరిగిన మనిషి. ముసలివాళ్ళందరి జబ్బలకూ నూలుపోగు కట్టి, వడ్డించేముందు దాని కింద వేలు పెట్టి చూసేది. వేలు వదులుగా దూరితే ఆ మనిషి చిక్కిపోతున్నట్టే.

ఒకరోజు ఒక తాతగారి పోగు బిగుతుగానే ఉంది. అయినా ఆమె అక్కడినుంచి కదల్లేదు.

"ఈ ముడి నేను వేసింది కాదు తాతగారూ. మీరే బిగించుకున్నారు. ఎందుకండీ?"

ఆయన తల దించుకున్నాడు. "పళ్ళు ఊడిపోయాయమ్మా, మెతుకు నమలలేను. నా ఒక్కడికోసం వేరే వండమని ఎట్లా అడగను?"

"నా చేతివంట తినేవాళ్ళు చిక్కిపోతే నాకు నామర్దా కాదూ?"

ఆ పూటే అన్నం మెత్తగా ఉడికించి, పెరుగుతో మెదిపి, గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుంది. ఆనాటినుంచి రోజూ అంతే.

రెండు నెలలకు ఆయనే వంటింటి గుమ్మంలో చెయ్యి చాపాడు. "పోగు ఒరుసుకుపోతోందమ్మా, కాస్త వదులు చెయ్యి."

ఆమె దాన్ని తెంపి, ఇంకాస్త పొడుగు పోగు కట్టింది. తెంపిన పోగు నా చేతిలో పెట్టి, "డాక్టరుగారికి చూపించండి" అంది.

డాక్టరుగారు రాగానే, మందుల పుస్తకం తెరవకముందే ఆ పోగు చూపించాను.