ఆ బడిలో లేని బి సెక్షన్

మాదాపూర్‌లో గాజు మేడలు లేస్తున్న తొంభైల చివరి మాట. మా మనవరాలు పదో తరగతి దాకా గుంటూరులో చదివింది. ఆ తర్వాతే చందానగర్ వచ్చాం. ఇక్కడి ఇంజనీరింగ్ సీట్లేమో చాలావరకు ఈ ప్రాంతంలో నాలుగేళ్లు చదివిన లోకల్ పిల్లలకే. ఇంటర్ రెండేళ్లే ఇక్కడ చదివింది కాబట్టి, తొమ్మిది, పది కూడా బోరబండలోని ఓ చిన్న బడిలో చదివినట్టు సర్టిఫికెట్ పుట్టించాను.

కౌన్సెలింగ్‌లో అధికారులు లేచి నాకు కుర్చీ వేశారని బంధువులకు చెప్పాను. అబద్ధం. ఎండలో వరుసలో నిలబడ్డాం. మా ముందున్న ఆటో డ్రైవరు మా కాగితం మీద ముద్ర చూసి మురిసిపోయాడు.

"మా బిడ్డది గూడ గదే బడి, పెద్దసారూ! జర చూడు బిడ్డా, నీ దోస్తేనా?"

ఆ పిల్ల మా మనవరాలిని ఎగాదిగా చూసి, "ఏ సెక్షన్?" అంది.

మనవరాలు తల దించుకుంది. నేను ఊరుకోవచ్చుగా! "బి సెక్షనమ్మా" అన్నాను.

"మా బళ్లె బి సెక్షన్ ఏడిది తాతా? పదో తరగతి మొత్తం ఇరవై మందిమే."

డ్రైవరు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అంటే నా బిడ్డ సీటుకే ఎసరు పెట్టినవా?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది.

మనవరాలు ఆ కాగితం లాక్కుని చించేసి, దరఖాస్తులో 'నాన్ లోకల్' అని తనే దిద్దుకుంది. కోరుకున్న సీటు రాలేదు.

చించింది నేనేనని ఇన్నేళ్లూ గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి అప్పుడు నేను నేల మీద గొంతుక్కూర్చుని, ముద్ర ఉన్న ముక్క ఎవరి కంటా పడకుండా ఏరుకుంటున్నాను.